పాత ట్రాక్టర్ స్టార్ట్ అవ్వట్లేదా? ముందు సైలెన్సర్ వైపు చూడండి

నేను బీటెక్ చదివి కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశానని మీలో చాలామందికి తెలుసు. అక్కడ నేర్చుకున్న మంచి అలవాటు ఒకటుంది. తప్పు ఎక్కడుందో తేలకుండా ఏదీ విప్పకూడదు. ఈరోజు మన ఇంట్లో పాత డీజిల్ ట్రాక్టర్‌ని అలాగే చూద్దాం.

డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదండి. పిస్టన్ గాలిని సుమారు 16, 17వ వంతుకి నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ డీజిల్ చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. అంటే మూడు కావాలి: సెల్ఫ్ జోరుగా తిప్పాలి, గాలి బాగా నొక్కుకోవాలి, డీజిల్ అందాలి.

మొదటిది, సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందా? బ్యాటరీకి మీటర్ పెట్టండి. ఫుల్ ఛార్జింగ్ ఉంటే 12.6 వోల్టులు చూపించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.5 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ అయిపోయినట్టే. బాగానే ఉందంటే టెర్మినళ్లు, ఎర్త్ కేబుల్ విప్పి, శుభ్రంగా రుద్ది, గట్టిగా బిగించండి. చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది.

రెండోది, సెల్ఫ్ బాగా తిరుగుతోంది, సైలెన్సర్‌లోంచి పొగే రావట్లేదు. డీజిల్ అందట్లేదని అర్థం. ముందు ఇంజిన్ ఆపే నాబ్ లోపలికి నెట్టారో లేదో చూడండి. నవ్వకండి, నేనే ఒకసారి అరగంట తిప్పలు పడ్డాను. తర్వాత ట్యాంకు ట్యాప్, ఫిల్టర్. అవీ సరిగ్గా ఉంటే లైన్లో ఎయిర్ పట్టినట్టే. నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ల ప్రెషర్ కావాలి. గాలి ఉంటే పంపు ఎంత నొక్కినా ఆ గాలే కుంచించుకుంటుంది, ప్రెషర్ ఎక్కదు.

ఎయిర్ తీయడం కష్టమేమీ కాదు. ఫిల్టర్ మీద ఎయిర్ స్క్రూ కొంచెం వదులు చేసి, చేతి పంపు కొట్టండి. ముందు బుడగలతో నురగ వస్తుంది. బుడగల్లేని డీజిల్ వచ్చాక, అది కారుతుండగానే స్క్రూ బిగించండి. పెద్ద పంపు దగ్గర కూడా ఇదే పని. మళ్లీ మళ్లీ ఎయిర్ పడుతుంటే ఎక్కడో వాషరో, పైపో గాలి పీలుస్తోందని.

మూడోది, తెల్ల పొగ వస్తోంది కానీ అంటుకోవట్లేదు. డీజిల్ వెళ్తోంది, మండట్లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి. అది కాకపోతే నాజిళ్లు, రింగులు, వాల్వులు, టైమింగ్. ఇక మెకానిక్‌ని పిలవండి. ఏదైనా సరే, సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టకండి. ఓ నిమిషం ఆగి మళ్లీ కొట్టండి.

ఇక అసలు మాట. మొన్న దమ్ము రోజుల్లో మా ట్రాక్టర్‌కి తాళం తిప్పితే చప్పుడే లేదు. కాలువ నీళ్లు వదిలారు, కూలీలు గట్టు మీద ఉన్నారు. నాన్న స్క్రూడ్రైవర్ తీసుకుని కింద నిలబడి సెల్ఫ్ బోల్టులు రెండూ కలిపారు. "ఆగండి నాన్నా" అంటే, "ఇరవై ఏళ్లుగా చేస్తున్నానురా" అన్నారు. ఇంజిన్ ఒక్కసారిగా అందుకుంది. బండి గేర్లో ఉంది. కదిలింది. నాన్న పక్కకి దూకారు, కేజ్ వీల్ ఆయన చెప్పు మీదుగా వెళ్లింది. నేను పైకెక్కి ఆపేసరికి గట్టు అంచుకొచ్చేశాం.

తర్వాత చూస్తే సెల్ఫ్‌కి వెళ్లే సన్న వైరు ఊడిపోయింది. అంతే. రెండు నిమిషాల పని.

అందుకే చెప్తున్నా, ఎంత తొందరున్నా సీట్లో కూర్చుని, న్యూట్రల్ చూసుకుని, క్లచ్ తొక్కి మాత్రమే స్టార్ట్ చేయండి. ఈ ఒక్క మాట మీ ఇంట్లో ట్రాక్టర్ నడిపే వాళ్లకి చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.