బాలింత తలనొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు



పక్షవాతం అనగానే మనకు ముసలితనం, రక్తపు పోటు గుర్తుకొస్తాయి. కాని పడుచువాళ్ళకు, అందులోనూ పచ్చి బాలింతలకు వచ్చే పక్షవాతం ఒకటుంది. మెదడులో వాడిన నెత్తురును గుండెకు చేర్చే సిరలో గడ్డకట్టి దారి మూసుకుపోవడమే ఈ జబ్బు. మోరీకి అడ్డం పడితే నీళ్ళు వెనక్కి తన్ని గచ్చంతా నిండవూ? అట్లాగే మెదడులో నెత్తురు నిలిచి వాపు వస్తుంది.

కాన్పులో ఎక్కువ నెత్తురు పోకుండా ప్రకృతే నెత్తురుకు గడ్డకట్టే గుణం పెంచుతుంది. ఆ గుణం కాన్పు తర్వాత ఆరు వారాల దాకా ఉంటుంది. దానికి రక్తహీనత, దాహం తోడైతే ప్రమాదమే. చలువ చేస్తుందని బాలింతకు నీళ్ళు కట్టడి చేసే ఆచారం మన ఇళ్ళలో ఇంకా ఉంది. అది మానాలి. కాచి చల్లార్చిన నీళ్ళు కడుపునిండా ఇవ్వండి.

రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మూర్ఛ, కాలో చెయ్యో లాగడం, మాట తడబడడం - ఇవీ గుర్తులు. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో కూర్చోవద్దు. కల్వకుర్తి వంటి ఊళ్ళలో ఉన్నవాళ్ళు నరాల డాక్టరున్న పెద్దాసుపత్రికి వెంటనే బయలుదేరాలి. మామూలు సి.టి. స్కానులో ఒక్కోసారి ఏమీ కనబడదు. సిరలు చూపే ఎం.ఆర్.ఐ. తీయాలి.

గడ్డ పెరగకుండా ముందు హెపారిన్ సూదిమందు ఇస్తారు. మెదడులో కాస్త నెత్తురు చిమ్మినా ఇస్తారు, భయపడవద్దు. దారి మూసుకోవడం వల్లనే గదా ఆ నెత్తురు చిమ్మింది! తర్వాత మూడు నెలల నుంచి ఏడాది దాకా మాత్రలు. వార్ఫరిన్ వాడేవారు నెత్తురు పరీక్ష తప్పకూడదు, బిడ్డకు పాలివ్వవచ్చు. కొత్తరకం మాత్రలైతే పాలిచ్చే తల్లినని డాక్టరుకు ముందే చెప్పాలి. వాపు మరీ ఎక్కువైతే పుర్రె ఎముక కొంత తీసి ప్రాణం కాపాడతారు.

హైదరాబాదు నిమ్స్ వారు 2002 నుంచి 2010 వరకు 428 మంది ఇటువంటి రోగుల వివరాలు నమోదు చేశారు. అందులో మగవాళ్ళే కాస్త ఎక్కువ! చనిపోయింది నూటికి ఎనిమిది మందిలోపే. 2004లో వెలువడిన అనేక దేశాల లెక్కలోనూ నూటికి ఎనభై మంది దాకా చక్కగా కోలుకున్నారు. పక్షవాతాలలో ఇంత ఆశ ఉన్నవి తక్కువ.

మళ్ళీ కాన్పు వద్దని కోడలిని భయపెట్టనక్కరలేదు. డాక్టరు చెప్పినట్టు గర్భంలోనూ, కాన్పయ్యాకా సూదిమందు వేయించుకుంటే చాలామందికి సుఖంగానే జరుగుతుంది. అయితే వార్ఫరిన్ వాడుతూ గర్భం దాల్చకూడదు. ఈ జబ్బు వచ్చినవాళ్ళు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ముట్టకూడదు. పండుగనీ వ్రతమనీ నెలసరి వాయిదా మాత్రలు సొంతంగా కొనుక్కోనూ కూడదు.

అత్తలకూ అమ్మలకూ నా మనవి ఒక్కటే. బాలింత తలనొప్పి అంటే ఆ మాట నమ్మండి. ఆమె మంచం మీద ఉన్న ఆ రోజుల్లో ఆసుపత్రికి తీసుకుపోవలసింది మీరే.