అందమైన కంప్యూటర్ కావాలనడం తప్పా?

ఇంట్లోకి ఏ వస్తువు కొన్నా రంగూ రూపూ చూడకుండా కొంటామా? ఫ్రిజ్ అయితే వంటింటి గోడకి నప్పుతుందా అని చూస్తాం. మిక్సీ అయితే జార్ పిడి చేతికి ఒదుగుతుందా అని తిప్పి తిప్పి చూస్తాం. స్టీలు బిందె కొన్నా అంతే! మరి కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'రంగుదేముందమ్మా, లోపల సరుకు చూడాలి గానీ' అంటూ షాపువాళ్ళూ, ఇంట్లో మగవాళ్ళూ ఒక్కటైపోయి మన నోరు మూయించేస్తారు. అందం గురించి అడగడమే తెలివితక్కువతనం అన్నట్టు!

నిజానికి మునిగిపోతున్న ఓ పెద్ద కంపెనీ ఒడ్డున పడటంలో రంగూ రూపూ చేసిన సాయం అంతా ఇంతా కాదు. ఆ కంపెనీ యాపిల్. 1997లో స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చేనాటికి దాని పరిస్థితి దివాలాకి దగ్గరగా ఉంది. ఆ ఏడాది ఆగస్టులో 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టి ఆదుకున్నది ఎవరనుకున్నారు? ఆగర్భశత్రువని అందరూ అనుకునే మైక్రోసాఫ్ట్! తమ ఆఫీస్ ప్రోగ్రాముల్ని అయిదేళ్ళపాటు మ్యాక్‌కి కూడా తయారుచేస్తామని మాట కూడా ఇచ్చింది. బయట ఎంత పోట్లాడుకున్నా పండగ వంట దగ్గర కలిసిపోయే తోటికోడళ్ళని చూళ్ళేదూ, అలాగన్నమాట.

మరుసటి ఏడాది, అంటే 1998 మే నెలలో యాపిల్ ఒక కంప్యూటర్‌ని చూపించింది. పేరు ఐమ్యాక్. అప్పటిదాకా కంప్యూటరంటే లేత గోధుమరంగు డబ్బా. టేబుల్ మీద ఒక డబ్బా, దాని పక్కనో కిందనో ఇంకో డబ్బా, వెనకాల వైర్ల చిక్కు. ఐమ్యాక్ ఆగస్టు 15న షాపుల్లోకి వచ్చినప్పుడు జనం ఆగి ఆగి చూశారట. చూడరూ మరి! కోడిగుడ్డులా గుండ్రటి ఒళ్ళు, లోపలి భాగాలు మసకమసగ్గా కనిపించే ప్లాస్టిక్, సముద్రపు నీలం రంగు. ఆ రంగుకి సిడ్నీలోని బాండీ బీచ్ పేరు పెట్టారు. తెర, మిషనూ అన్నీ ఒకదాంట్లోనే. ధర 1299 డాలర్లు. 1999 జనవరిలో అయిదు పండ్ల రంగుల్లో తెచ్చారు. స్ట్రాబెర్రీ, నారింజ, ద్రాక్ష, నిమ్మ, బ్లూబెర్రీ.

నాకు అన్నిటికన్నా నచ్చింది దాని నెత్తిన ఉన్న పిడి. 15 అంగుళాల గాజు తెర ఉన్న బరువైన కంప్యూటర్‌ని రోజూ ఎవరు ఎత్తుకు తిరుగుతారు? దాన్ని రూపొందించిన జోనీ ఐవ్ ఈ ప్రశ్నకి చెప్పిన జవాబు చాలా బాగుంది. కంప్యూటర్‌ని చూస్తే చాలామందికి భయం, భయపడేదాన్ని ముట్టుకోరు, పిడి కనబడితే చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది... ఆయన చెప్పినదాని సారాంశం ఇది. అంటే ఆ పిడి మొయ్యడానికన్నా 'ఫర్వాలేదు, ముట్టుకో' అని చెప్పడానికన్నమాట. కొడుకు కంప్యూటర్ మీద దుమ్ము తుడవడానికి కూడా జంకిన తల్లుల్ని నేనెరుగుదును. అందం అంటే పైపై సింగారం కాదని ఆ ఒక్క పిడి చూస్తేనే అర్థమైపోతుంది.

మరి మేమెందుకు కొనలేదు?

ఆ రోజుల్లో తెనాలిలో నాకో చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, పెళ్ళిళ్ళ సీజన్లో అర్ధరాత్రిదాకా శుభలేఖలు. పత్రికలో ఐమ్యాక్ బొమ్మ చూసి కత్తిరించి గోడకి అంటించుకున్నానే గానీ కొనాలని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు. డబ్బు సంగతి సరే, అసలు కారణం వేరే. దానికి ఫ్లాపీ పెట్టే చోటు లేదు! మా దగ్గరికి వచ్చే మేటరంతా ఫ్లాపీల్లోనే వచ్చేది, ప్రెస్సుకి వెళ్ళేది కూడా ఫ్లాపీల్లోనే. పైగా మా పనంతా విండోస్ మీద పేజ్‌మేకర్, అను ఫాంట్లు. మా వీధిలోనే కాదు, మా పని వెళ్ళే ప్రతి ప్రెస్సులోనూ అంతే. అందరూ ఒక భాష మాట్లాడుతుంటే మనమొక్కరమే ఇంకో భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడతాం చెప్పండి?

తెలుగు విషయంలో కూడా విండోసే ముందుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో యూనికోడ్ తెలుగు, గౌతమి అనే ఫాంటు వచ్చేశాయి. మ్యాక్‌లో తెలుగు ఫాంట్లు కంప్యూటర్‌తోనే రావడం 2011లో, లయన్ అనే వెర్షన్‌తో గానీ జరగలేదు. పదేళ్ళు! ఇప్పుడు ఆ తేడా పోయింది లెండి. రెండిట్లోనూ హాయిగా తెలుగు రాసుకోవచ్చు.

రెండు వైపులా బొమ్మలు గీసిన ఒకే చెయ్యి

మ్యాక్ గొప్పా, విండోస్ గొప్పా అని వాదించుకునేవాళ్ళకి నేను సుజాన్ కేర్ గురించి చెబుతుంటాను. 1983లో ఆమె యాపిల్‌లో చేరింది. కంప్యూటర్ తెర అంటే చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడి నలుపో తెలుపో. ఆమె గళ్ళ కాగితం తీసుకుని, గడి గడీ నింపుతూ బొమ్మలు గీసింది. అచ్చం మనం క్రాస్ స్టిచ్ కుట్టుకున్నట్టే! 1984 జనవరిలో విడుదలైన మొదటి మ్యాకింటోష్‌లో చిరునవ్వుతో పలకరించే కంప్యూటర్ బొమ్మ, చెత్తబుట్ట అన్నీ ఆమెవే. ఆ తర్వాత 1990లో విండోస్ 3.0తో వచ్చిన సాలిటేర్ ఆట గుర్తుందా? ఆఫీసుల్లో బాసు కనబడగానే టక్కున మూసేసేవారే... ఆ పేకముక్కలు గీసింది కూడా ఆవిడే. ఇటూ అటూ ఒకే ఆడపడుచు ముగ్గేసినట్టు!

విండోస్ వైపు అందం లేదనడం కూడా అన్యాయమే. 1992లో ఐబీఎం తెచ్చిన థింక్‌ప్యాడ్‌ని చూడండి. రిచర్డ్ సాపర్ అనే డిజైనర్ జపాన్‌వాళ్ళ టిఫిన్ పెట్టెని మనసులో పెట్టుకుని దాన్ని రూపొందించాడు. మూసి ఉంచితే బోసిగా నల్లటి పెట్టె, తెరిస్తే మధ్యలో ఎర్రటి బొట్టులా ఒక చిన్న మీట. నల్లచీర మీద ఎర్రబొట్టు ఎంత అందమో మనకొకరు చెప్పాలా!

అందం కొరికిన సందర్భాలూ ఉన్నాయి. ఐమ్యాక్‌తో ఇచ్చిన గుండ్రటి మౌస్ చూడ్డానికి ముద్దుగా ఉండేది. కానీ గుండ్రంగా ఉన్నదానికి ముందేదో వెనకేదో చేతికి ఎలా తెలుస్తుంది? వాడినవాళ్ళంతా తిట్టుకున్నారు. 2000లో దాన్ని మార్చక తప్పలేదు. అదే ఏడాది వచ్చిన క్యూబ్ అనే కంప్యూటర్ అద్దాల పెట్టెలో పెట్టిన నగలా ఉండేది. తెర కాకుండానే 1799 డాలర్లు. ఏడాది తిరక్కుండానే తయారీ ఆపేశారు. ఇప్పుడది న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ సేకరణలో ఉంది. ఇక 2015 నుంచి కొన్నేళ్ళపాటు యాపిల్ ల్యాప్‌టాప్‌లని మరీ పలచగా చెయ్యాలని కీబోర్డే మార్చేశారు. చిన్న దుమ్ము రేణువు పడినా మీటలు మొరాయించేవి. 2018లో ఉచితంగా బాగుచేసే పథకం పెట్టాల్సి వచ్చింది, 2022లో అమెరికాలో 5 కోట్ల డాలర్లకి కోర్టు రాజీ కూడా జరిగింది. రొట్టెల పిండి చేతుల్తో వచ్చి కీబోర్డు ముట్టుకునే మనలాంటివాళ్ళని ఆ డిజైనర్లు ఊహించుకోలేదనుకుంటా!

ఇక ఇప్పుడు కొనేవాళ్ళ సంగతి

మ్యాక్ అంటే రెడీమేడ్ డ్రెస్ లాంటిది. గుడ్డ, కుట్టు, గుండీలు అన్నీ ఒకే కంపెనీవి. విండోస్ అంటే గుడ్డ ఒకచోట కొని మనకి నచ్చిన టైలర్‌తో కుట్టించుకోవడం. టైలర్లు బోలెడుమంది, ధరలూ బోలెడు రకాలు, పనితనమూ అంతే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఇప్పటి మ్యాక్ ల్యాప్‌టాప్‌లలో మెమరీ తర్వాత పెంచుకోలేం. లోపల కుట్టుమడత వదలని జాకెట్టన్నమాట, ఒళ్ళు చేస్తే వదులు చేసుకోవడానికి ఉండదు. పలచటి విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలా కూడా ఇప్పుడిలాగే వస్తున్నాయి. కొనేటప్పుడే ఒక మెట్టు ఎక్కువది తీసుకోవడం మేలు.

మా చెల్లెలి కూతురు ఆర్కిటెక్చర్‌లో చేరింది. 'పెద్దమ్మా, నాకు మ్యాకే కావాలి, ఎంత ముద్దుగా ఉందో చూడు' అని ఒకటే గోల. మా చెల్లెలు చీటీ పాడి తెచ్చిన డబ్బది. నాలుగైదేళ్ళు మళ్ళీ కొనే ప్రసక్తే లేదు. ముద్దుగా ఉందంటే నేను తప్పు పట్టలేదు. 'ముందు మీ సీనియర్లని అడిగి, కాలేజీలో ఏ ప్రోగ్రాములు నేర్పుతారో రాసుకురా' అన్నాను. రెవిట్, త్రీడీఎస్ మ్యాక్స్ అని రాసుకొచ్చింది. ఆ రెండూ విండోస్‌కే తయారవుతాయి. ఇంతకుముందయితే మ్యాక్‌లో ఓ పక్కన విండోస్ కూడా పెట్టుకునే సదుపాయం ఉండేది. 2020 చివర్లో యాపిల్ తన సొంత చిప్‌లకి మారాక అది పోయింది. పిల్ల రెండు రోజులు అలిగింది, తర్వాత విండోస్‌లోనే తనకి నచ్చిన వెండి రంగుది వెతుక్కుంది. తెర పెద్దది, గ్రాఫిక్స్ బాగున్నది. బరువు మాత్రం కాస్త ఎక్కువే, భుజం నొప్పెడుతోందని ఇప్పటికీ నన్నే అంటుంది!

మా పక్కింటి వదినగారికి చీరల వ్యాపారం. లెక్కలన్నీ ట్యాలీలో. ఆవిడకి రెండో ఆలోచనే అక్కర్లేదు, విండోసే. అదే మా మేనకోడలు వంటల వీడియోలు తీసి ఎడిట్ చేస్తుంది. ఆమెకి మ్యాక్‌బుక్ ఎయిర్ చక్కగా సరిపోయింది. అందులో ఫ్యానే ఉండదు గనుక చప్పుడే లేదు. ఛార్జర్ వెతుక్కోకుండా చాలాసేపు పనిచేస్తుంది. ఫైనల్ కట్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాం విండోస్‌లో దొరకదు. ఉత్తరాలు, పిల్లల హోంవర్కు, ఇంటర్నెట్ లాంటి పనులకైతే ఏదైనా ఒకటే. అప్పుడు నిక్షేపంగా రంగు చూసే కొనుక్కోండి! మైక్రోసాఫ్ట్‌కి 2014లో సీఈఓ అయిన సత్య నాదెళ్ళ మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడే కదా అని విండోస్ కొంటానన్నారు ఒకావిడ. అభిమానం మంచిదే గానీ, దానికోసం అరలక్ష ఖర్చుపెట్టక్కర్లేదు.

పాత కంప్యూటర్ చవగ్గా ఇస్తామని ఎవరైనా అంటే తొందరపడకండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ మిషన్ విండోస్ 11ని మోయగలదో లేదో కనుక్కోవాలి. చాలా పాతవి మోయలేవు. మ్యాక్‌లో అయితే ఇంటెల్ చిప్ ఉన్నదా, యాపిల్ సొంత చిప్ ఉన్నదా అని అడగండి. 2025లో వచ్చిన టహో అనే వెర్షనే ఇంటెల్ మ్యాక్‌లకి ఆఖరిదని యాపిల్ స్వయంగా ప్రకటించింది.

రిపేరు మాట కూడా ముందే తేల్చుకోవాలి. విండోస్ ల్యాప్‌టాప్ పాడైతే మన ఊరి బజార్లోనే ఎవరో ఒకరు విప్పి చూస్తారు. మ్యాక్‌కి మాత్రం దగ్గర్లో అధీకృత సర్వీస్ సెంటర్ ఏ ఊళ్ళో ఉందో, అక్కడికి ఎన్ని గంటల ప్రయాణమో కొనకముందే కనుక్కోండి. షాపుకి వెళ్ళాక నిలబడి చూసి వచ్చేయకండి. కుర్చీ అడిగి కూర్చోండి. ఒళ్ళో పెట్టుకుని బరువు చూడండి. మూత తెరిచి మూసి చూడండి. తెలుగులో నాలుగు వాక్యాలు కొట్టి చూడండి. మీటలు చేతికి హాయిగా ఉన్నాయా, ట్యూబ్‌లైటు కింద తెర మెరుస్తోందా అన్నది అలాగైతేనే తెలుస్తుంది. పావుగంట పడుతుంది, షాపు అబ్బాయి కాస్త విసుక్కుంటాడు. నలభై చీరలు దింపించి ఒక్కటి కొనే మనకి అదో లెక్కా!