పాలబిడ్డ నెమ్మదిగా బరువు పెరుగుతున్నప్పుడు

నామకరణానికి, అన్నప్రాశనకు, తులాభారం మొక్కుబడికి పసిబిడ్డలను ఎత్తుకొని వచ్చే దంపతులతో మన ఆలయ ప్రాంగణం ఏడాది పొడవునా కళకళలాడుతూ ఉంటుంది. తక్కెడలో ఒకవైపు బిడ్డను, మరొకవైపు బెల్లమో, బియ్యమో, నాణేలో ఉంచి స్వామివారికి సమర్పించడం మన సంప్రదాయం. ఆ తక్కెడ వద్దనే బంధువులలో ఎవరో ఒకరు, "బిడ్డ ఇంత తేలికగా ఉందేమిటి? తల్లికి పాలు చాలడం లేదేమో!" అనడం కూడా కద్దు. ఆ ఒక్కమాట బాలింత మనసులో ములుకులా నాటుకొంటుంది. శిశువైద్యురాలిగా నా వద్దకు వచ్చే తల్లులలో ఎందరో అటువంటి మాట విని కంటతడితో వచ్చినవారే. బెంగతో తల్లిపాలు మాన్పించడం ఎంత హానికరమో, నిజంగానే బరువు పెరగని బిడ్డను "మన వంశంలో అందరూ సన్నమే" అని ఉపేక్షించడమూ అంతే హానికరం. ఈ రెంటికీ నడుమ ఉన్న మార్గాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బరువు లెక్క తెలుసుకోవాలి

పుట్టిన తరువాత తొలి మూడు నాలుగు రోజులలో శిశువు కొంత బరువు తగ్గడం సహజం. ఆ తగ్గుదల పుట్టిన బరువులో పదో వంతుకు మించరాదు. రెండు వారాలు నిండేసరికి పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. అక్కడినుండి మూడో నెల వరకు రోజుకు సగటున 25 నుండి 30 గ్రాములు, మూడు నుండి ఆరు నెలల మధ్య రోజుకు 15 నుండి 20 గ్రాములు పెరుగుతుంది. ఉదాహరణకు 2.8 కిలోలతో పుట్టిన బిడ్డ రెండు వారాలకు మళ్ళీ 2.8 కిలోలకు చేరి, నెల నిండేసరికి సుమారు 3.2 కిలోలు ఉంటుంది. ఐదారు నెలలకు పుట్టిన బరువుకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు కావడం సాధారణం.

మూడో నెల దాటాక పెరుగుదల వేగం కొంత తగ్గుతుందన్న సంగతి తెలియక, నాలుగో నెలలో కంగారుపడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాలు తల్లిపాలు తాగిన పిల్లల ఆధారంగా రూపొందినవి. ఆరు దేశాలలో జరిగిన ఆ అధ్యయనంలో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. ప్రభుత్వం ఇచ్చే తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో కనిపించే రంగుల పట్టీలు ఆ ప్రమాణాల ప్రకారం గీసినవే. పక్కింటి బిడ్డ బరువుతో పోల్చడం కంటే, మన బిడ్డ బరువును ఆ కార్డులో చుక్కలుగా గుర్తించి కలపడం మేలు. చిన్నగా పుట్టిన బిడ్డ గీత కిందివైపున ఉన్నా, అది క్రమంగా పైకి సాగుతుంటే నిశ్చింతగా ఉండవచ్చు. గీత అడ్డంగా సాగినా, కిందికి వంగినా కారణం వెతకాలి.

తూచే విధానం కూడా ముఖ్యమే. ప్రతిసారీ ఒకే త్రాసుపై, బట్టలు విప్పి, పాలిచ్చే ముందు తూచాలి. రోజూ తూచి దిగులుపడనవసరం లేదు. సందేహం ఉన్న బిడ్డను వారానికి ఒకసారి తూస్తే చాలు. తులాభారం తక్కెడ మొక్కు తీర్చుకోవడానికే తప్ప బిడ్డ ఆరోగ్యాన్ని కొలవడానికి కాదు.

పాలు అందుతున్నాయనడానికి గుర్తులు

వారం దాటిన బిడ్డ ఇరవైనాలుగు గంటలలో కనీసం ఆరుసార్లు లేతరంగు మూత్రం పోస్తుంటే పాలు అందుతున్నట్లే. తొలి వారాలలో రోజుకు ఎనిమిది నుండి పన్నెండుసార్లు పాలు తాగడం, తాగేటప్పుడు గుటక వేసే చప్పుడు వినబడటం, తాగిన తరువాత పిడికిళ్ళు వదులై తృప్తిగా కనిపించడం మంచి గుర్తులు. రొమ్ములు మెత్తగా ఉన్నాయనో, పిండితే నాలుగు చుక్కలే వచ్చాయనో, బిడ్డ సాయంవేళ ఏడుస్తోందనో పాలు లేవని నిర్ణయించరాదు.

పాలు తయారయ్యే తీరు చెలమలో నీటి ఊట వంటిది. తోడేకొద్దీ ఊరుతుంది, తోడటం మానితే ఊట తగ్గుతుంది. అందుచేత చాలా సందర్భాలలో లోపం తల్లి శరీరంలో ఉండదు. ఊరిన పాలు బిడ్డ కడుపులోకి చేరే మార్గంలో ఉంటుంది.

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. 2.9 కిలోలతో పుట్టిన ఒక ఆడశిశువు నలభయ్యో రోజున నా వద్దకు వచ్చేనాటికి 3.1 కిలోలు మాత్రమే ఉంది. "నా కోడలికి పాలు పడలేదు డాక్టరమ్మా, డబ్బాపాలు రాసివ్వండి" అన్నారు అత్తగారు. నేను వారిని కూర్చోబెట్టి, ఒక్కసారి పాలివ్వడం చూస్తానన్నాను. బిడ్డ చనుమొన చివరను మాత్రమే పట్టుకొని, నాలుగు గుక్కలు తాగి జోగుతోంది. నాలుగు గంటలకు ఒకసారే పాలివ్వాలని ఎవరో చెప్పారట. రాత్రి నిద్ర పాడవకూడదని మధ్యలో చక్కెరనీళ్ళు పడుతున్నారు. బిడ్డను పరీక్షించగా ఏ జబ్బూ కనిపించలేదు. మేము సరిచేసినవి పట్టు, వేళలు, చక్కెరనీళ్ళు, ఈ మూడే. వారం తిరిగేసరికి బిడ్డ 210 గ్రాములు పెరిగింది. "అయితే పాలు ఉన్నాయన్నమాట!" అన్నారు ఆ పెద్దావిడ, కోడలి తల నిమురుతూ.

సరిచేసుకొనే విధానం

బిడ్డ శరీరమంతా తల్లివైపు తిరిగి, పొట్ట తల్లి పొట్టకు ఆనాలి. నోరు బాగా తెరిచాక, చనుమొనతోపాటు దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా వీలైనంత నోటిలోకి వెళ్ళాలి. గడ్డం రొమ్మును తాకుతూ, కింది పెదవి వెలుపలికి తిరిగి ఉండాలి. పట్టు సరిగా కుదిరితే తల్లికి నొప్పి ఉండదు.

గడియారం చూసి కాక, బిడ్డ నోరు తెరిచి వెతికినప్పుడు, పిడికిలి చప్పరించినప్పుడు పాలివ్వాలి. జోగే బిడ్డను రెండు మూడు గంటలకొకసారి లేపి, అరికాళ్ళు నిమిరి పట్టించాలి. పాల ఊటను పెంచే ప్రోలాక్టిన్ హార్మోను రాత్రివేళ అధికంగా విడుదలవుతుంది కనుక రాత్రి పాలు మాన్పించరాదు.

ఒకవైపు పాలు పూర్తిగా తాగనిచ్చి, తరువాతనే రెండోవైపు పట్టించాలి. చివరలో వచ్చే పాలలో కొవ్వు ఎక్కువ. బరువుకు అదే ఆధారం. భాగవత దశమ స్కంధంలో పొయ్యిమీది పాలు పొంగుతున్నాయని యశోదమ్మ తృప్తి తీరని బాలకృష్ణుని ఒడి దించి వెళ్ళిన ఘట్టం మనకందరికీ తెలిసిందే. కన్నయ్య అలిగి కుండ పగులగొట్టాడు. మన ఇళ్ళలోని పసివారు కుండ పగులగొట్టలేరు, బరువు పెరగకుండా మనకు తెలియజేస్తారు. పాలిచ్చే తల్లిని వంటపనికో, అతిథి మర్యాదకో మధ్యలో పిలవకపోవడం ఇంటిల్లిపాది బాధ్యత.

ఇంకా చాలకపోతే, పాలిచ్చిన వెంటనే శుభ్రమైన చేతులతో మిగిలిన పాలు పిండి, ఉడికించి శుభ్రపరచిన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. పీపా సీసా అలవాటైన బిడ్డ రొమ్ము పట్టడానికి మొరాయించే అవకాశం ఉంది. డబ్బాపాలు అవసరమైతే ఎంత, ఎన్నాళ్ళు అనేది వైద్యులే నిర్ణయించాలి. అది అవసరమైనంత మాత్రాన ఏ తల్లీ తక్కువది కాదు.

చేయకూడనివి

ఆరు నెలలు నిండేవరకు మండువేసవిలో సైతం బిడ్డకు నీళ్ళు అవసరం లేదు. నీళ్ళు, గ్రైప్‌వాటర్, చక్కెరనీళ్ళు చిన్న పొట్టను నింపి పాలకు చోటులేకుండా చేస్తాయి. ఏడాదిలోపు తేనె నాకించడం ప్రమాదకరం. దానివల్ల బొట్యులిజం అనే తీవ్రమైన జబ్బు రావచ్చు. బరువు తక్కువగా ఉందని ఘనాహారాన్ని ముందుకు జరపరాదు. ఏ మాసంలో అన్నప్రాశన జరిపినా, రోజువారీ అనుబంధాహారం ఆరు నెలలు నిండిన తరువాతనే మొదలుపెట్టాలి.

బాలింతకు పథ్యం పేరిట నీళ్ళు, పప్పు, కూరలు తగ్గించడం తగదు. దాహం తీరా నీళ్ళు, మామూలు కంటే అదనంగా ఒక పూట పోషకాహారం, తగినంత విశ్రాంతి కావాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం పాలను తగ్గించవచ్చు కనుక పరీక్షలు అవసరం కావచ్చు.

ఆలస్యం చేయరాని సందర్భాలు

రెండు వారాలకు కూడా పుట్టిన బరువు రాకపోవడం, తరువాత బరువు తగ్గడం, మూత్రం రోజుకు ఆరుసార్ల కంటే తక్కువ కావడం, పాలకు కూడా లేవనంత మత్తు, పాలు తాగుతూ చెమటలు పట్టి ఆయాసపడటం, పచ్చని పసరు వాంతి, ఒళ్ళు చల్లబడటం, మూడు నెలలలోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్ జ్వరం, రెండు వారాలు దాటినా తగ్గని పచ్చకామెర్లు, తెల్లని మలం కనిపిస్తే అదే రోజు వైద్యులకు చూపించాలి. గుండె జబ్బు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కాలేయ సమస్య, నాలుక కింద పొర బిగుతుగా ఉండటం వంటివి బరువు ద్వారానే తొలిసారి బయటపడవచ్చు. దిష్టి తీయించుకోండి, రక్షరేకు కట్టించుకోండి, కానీ వాటికోసం వైద్యాన్ని వాయిదా వేయకండి.

యాత్రలో, క్యూలో బిడ్డకు పాలవేళలు తప్పుతుంటాయి. పసిబిడ్డతో వచ్చేవారు దర్శనానికి ముందే పాలిచ్చి బయలుదేరాలి. మధ్యలో బిడ్డ వెతికితే పక్కకు తప్పుకొని పాలివ్వడానికి వెనుకాడనవసరం లేదు. చుట్టూ ఉన్న భక్తులు ఆమెకు దారి, చోటు ఇవ్వడం కూడా సేవే. పుణ్యక్షేత్రాలలో తల్లులకోసం ఒక తెర, ఒక కుర్చీ, తాగునీరు ఉన్న చిన్న గదిని సమకూర్చే దాతల ద్రవ్యం ఎందరో పసివారి ఆకలి తీరుస్తుంది. ఈ మాసంలో పసిబిడ్డతో దర్శనానికి వచ్చే తల్లిదండ్రులు తిరిగి వెళ్ళిన వెంటనే అంగన్‌వాడీలో బిడ్డను తూయించి, కార్డులో చుక్క పెట్టించాలని నా విన్నపం.