వార్తల్లో పదం: డాప్లర్ రాడార్
బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద ముందు బండిని రాడార్‌తో గమనించి తనంతట తానే వేగం తగ్గించుకునే కారుకూ, మచిలీపట్నంలో తుపాను గాలులను కొలిచే రాడార్‌కూ ఆధారం ఒక్కటే: క్రిస్టియన్ డాప్లర్ 1842లో చెప్పిన సూత్రం. దగ్గరికొచ్చే రైలు కూత కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, రేడియో తరంగాల్లోనూ అదే తంతు. వెళ్లిన తరంగానికీ, తగిలి తిరిగొచ్చినదానికీ పౌనఃపున్యంలో తేడాయే వేగాన్ని చెబుతుంది.

కార్లలో ఎక్కువగా వాడేవి 77 గిగాహెర్ట్జ్ తరంగాలు. ముందు బండికీ మనకూ దూరం గంటకు 36 కి.మీ. వేగంతో తగ్గుతుంటే తేడా సుమారు 5,100 హెర్ట్జ్. పది సెంటీమీటర్ల పొడవైన తరంగాలు పంపే తుపాను రాడార్‌కు అదే వేగంలో దక్కేది 200 హెర్ట్జే!

ఒక చిక్కుంది. అడ్డంగా కదిలేదాని వేగం డాప్లర్ రాడార్‌కు అందదు. అందుకే తిరుపతి దగ్గరి గాదంకిలో పై గాలులను కొలిచే, 1,024 యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్ తన పుంజాన్ని నిట్టనిలువుగా పంపడమే కాక, పక్కలకూ కాస్త వాల్చి చూస్తుంది. చినుకు లేని నిర్మలాకాశంలోనూ గాలి కదలికను పట్టేస్తుంది. తుపాను రాడార్‌కు మాత్రం సాధారణంగా చినుకులుండాలి.