“మునుగు రా బాబూ, మునుగు!”

మొన్న సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిపోయిన రాత్రి మా హాస్టల్ రూమ్‌లో ఏడుగురం ఒక్క ల్యాప్‌టాప్ ముందు ఇరుక్కుని కూర్చుని ‘సైకో’ చూశాం. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. ప్రపంచాన్ని వణికించిందని పేరున్న షవర్ సీన్ వచ్చింది. మాలో ఎవడూ వణకలేదు. “అది రక్తం కాదురా, చాక్లెట్ సిరప్” అన్నాడొకడు. ఇంకొకడు ఆ వయొలిన్ల కీచు శబ్దాన్ని నోటితో చేసి చూపించాడు. అందరం నవ్వాం.

ఓ పది నిమిషాలు గడిచాయి. మోటెల్ నడిపే కుర్రాడు నార్మన్ బేట్స్ ఆ అమ్మాయి శవాన్ని ఆమె కారు డిక్కీలోనే పెట్టి, కారుని వెనకాల ఉన్న బురదగుంటలోకి తోశాడు. కారు మెల్లగా మునుగుతోంది. సగానికి పైగా మునిగింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. తెల్లటి కారు పైభాగం బురదలోంచి కనిపిస్తూనే ఉంది. నార్మన్ నములుతున్న నోరు ఆగింది. మా రూమ్‌లో నవ్వులు కూడా ఆగాయి. నా వెనక నుంచి ఎవరో గొణిగారు: “మునుగు రా బాబూ, మునుగు!”

కారు మునిగింది. అందరం ఊపిరి వదిలాం. అప్పుడు నాకు ఒక్కసారి అనిపించింది, ఇంతకీ మేం ఎవరి తరఫున ఊపిరి బిగబట్టాం?

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, ఎందుకంటే ఇకపై అన్నీ స్పాయిలర్లే. అరవై ఏళ్ళు దాటిన సినిమాకి కూడా స్పాయిలర్ అలర్ట్ ఎందుకంటారా? ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మధ్యలో వచ్చే జనం

అప్పట్లో అమెరికాలో సినిమా చూసే పద్ధతి వేరు. చాలా థియేటర్లలో షోలు ఒకదాని వెనక ఒకటి ఆగకుండా నడిచేవి. జనం ఎప్పుడు వీలైతే అప్పుడు లోపలికి వెళ్ళి, సగం నుంచి చూసి, మళ్ళీ మొదలైన షోలో తాము వచ్చిన చోటు దాకా చూసి లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మనం టీవీలో సినిమా చూసినట్టు అన్నమాట.

‘సైకో’కి హిచ్‌కాక్ ఇది కుదరదన్నాడు. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి వదలకూడదని రూల్ పెట్టించాడు. చేతి గడియారం చూపిస్తున్న హిచ్‌కాక్ నిలువెత్తు అట్టబొమ్మల్ని థియేటర్ల ముందు నిలబెట్టారు. చివర్లో ఏం జరుగుతుందో బయట ఎవరికీ చెప్పొద్దని ప్రేక్షకులను బతిమాలుకున్నారు. విమర్శకులకు ముందుగా స్పెషల్ షో కూడా వెయ్యలేదు. వాళ్ళూ మామూలు జనంతో పాటు కూర్చుని చూడాల్సిందే. 1960 జూన్ 16న న్యూయార్క్‌లో సినిమా విడుదలైంది. థియేటర్ల ముందు క్యూలు కట్టారు.

ఇది పబ్లిసిటీ కోసం చేసిన స్టంటే, అందులో అనుమానం లేదు. కానీ దాని వెనక గట్టి కారణం ఉంది. పోస్టర్ మీద ఉన్న స్టార్ జానెట్ లీ. సినిమాలో ఆమె పాత్ర మేరియన్ క్రేన్ సుమారు ముప్పావు గంటకే చచ్చిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాడు “జానెట్ లీ ఎప్పుడొస్తుంది?” అని చివరిదాకా ఎదురు చూస్తూ కూర్చుంటాడు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. మొదటి ముప్పావు గంట ఆమెతో గడపనివాడికి ఆమె చావు ఒక హత్య మాత్రమే. గడిపినవాడికి అది కాళ్ళ కింద నేల జారిపోవడం.

మేరియన్‌తో మన ప్రయాణం

ఆ ముప్పావు గంటలో జరిగేది చూడండి. ఫీనిక్స్ నగరంలో ఆఫీసులో పనిచేసే మేరియన్, పెళ్ళికి అడ్డంగా ఉన్న డబ్బు ఇబ్బంది వల్ల, బ్యాంకులో వెయ్యమని బాస్ ఇచ్చిన 40,000 డాలర్లతో పారిపోతుంది. అది దొంగతనం. కానీ సిగ్నల్ దగ్గర బాస్ ఆమెను చూసినప్పుడు మనకి గుండె దడ. హైవే పక్కన పోలీసు కారు అద్దం తట్టినప్పుడు “వద్దు, పర్స్ చూడొద్దు” అని మన మనసులోనే అనుకుంటాం. అంటే నార్మన్ తెరమీదకి రాకముందే, తప్పు చేసినవాళ్ళు పట్టుబడకూడదని కోరుకోవడం మనకి అలవాటు చేసేశాడు హిచ్‌కాక్.

తర్వాత మోటెల్‌లో నార్మన్‌తో మాట్లాడాక ఆమె మనసు మారుతుంది. డబ్బు వెనక్కి ఇచ్చేద్దామనుకుంటుంది. హమ్మయ్య అనుకుని మనం కూడా తేలికపడతాం. ఆమె స్నానానికి వెళ్తుంది. సరిగ్గా అప్పుడే ఆ కత్తి.

మనకి తెలిసిన లెక్కలో అయితే మారిన మనిషికి శిక్ష పడదు. హీరోయిన్ మధ్యలో చావదు. ఈ రెండు నమ్మకాలూ ఒకేసారి తెగిపోయాయి కాబట్టే 1960లో జనం అంతగా కేకలు పెట్టారు. ఆ సీన్ ముప్పావు నిమిషం పాటే ఉంటుంది, తియ్యడానికి మాత్రం వారం పట్టింది. బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగ వాయిద్యాలతో చేసిన ఆ సంగీతం లేకపోతే అది అంత పదునుగా ఉండేది కాదు. నిజానికి హిచ్‌కాక్ మొదట అక్కడ సంగీతమే వద్దనుకున్నాడు, విన్నాక మనసు మార్చుకున్నాడు. సినిమాలో తనను తాను చూసుకున్నాక షవర్ కింద నిలబడాలంటే భయం పట్టుకుందని జానెట్ లీయే తర్వాత చెప్పింది.

మేం నవ్వడానికి కారణం కూడా ఇదే. మాకు చాక్లెట్ సిరప్ సంగతి ముందే తెలుసు. షవర్ సీన్ మీద మీమ్స్ చూశాం, కార్టూన్లలో పేరడీలు చూశాం. సినిమా చూడకముందే ఆ సీన్ మాకు లీక్ అయిపోయింది. భయం పోయింది.

కానీ కారు సీన్ ఎవరూ లీక్ చెయ్యలేదు.

డ్యాంగ్లింగ్ పాయింటర్

సీఎస్ఈ వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్తాను, మిగతా బ్రాంచ్‌ల వాళ్ళు క్షమించాలి. మన సానుభూతిని ఒక పాయింటర్ అనుకోండి. సినిమా మొదట్నుంచీ అది మేరియన్‌ని చూపిస్తోంది. షవర్ సీన్‌లో ఆ మెమొరీని ఫ్రీ చేసేశాడు డైరెక్టర్. పాయింటర్ మాత్రం గాల్లో వేలాడుతోంది. దానికి ఏదో ఒక అడ్రెస్ కావాలి. ఆ సమయంలో తెరమీద మిగిలింది ఒక్క నార్మనే.

ఆంథనీ పెర్కిన్స్ ఆ పాత్రని రాక్షసుడిలా చెయ్యలేదు. సిగ్గరి, మాట తడబడే కుర్రాడు, అమ్మకి భయపడే కొడుకు. అప్పటికి హత్య చేసింది అతని తల్లి అనే మనం నమ్ముతున్నాం. అతను బకెట్, మాప్ తెచ్చి బాత్‌రూమ్ కడుగుతాడు. నిమిషాల తరబడి, దాదాపు మాటల్లేకుండా. ఎవరైనా పని శ్రద్ధగా చేస్తుంటే చూస్తూ ఉండిపోవడం మనిషి బలహీనత. ఆ మూల మరక ఉండిపోయింది, అదిగో ఆ న్యూస్‌పేపర్ మర్చిపోతున్నాడు అని మనమే గుర్తు చేస్తుంటాం. 40,000 డాలర్లు చుట్టి ఉన్నది ఆ పేపర్లోనే. అతను అది తెలియకుండానే డిక్కీలోకి విసిరేస్తాడు. మనం అంతసేపు భయపడిన డబ్బు చెత్తతో పాటు పోయింది. ఆ తర్వాత కారు ఆగుతుంది, మనకి గుండె ఆగుతుంది. పాయింటర్ కొత్త అడ్రెస్ పట్టుకుందన్నమాట.

ఇది యాదృచ్ఛికం కాదు. ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫోతో చేసిన పెద్ద ఇంటర్వ్యూలో హిచ్‌కాక్ ఈ సినిమా గురించి చెప్పిన ముఖ్యమైన మాట కూడా ఇదే అర్థంలో ఉంటుంది. తాను దర్శకత్వం వహించింది ప్రేక్షకులకే అనీ, వాళ్ళని ఒక వాయిద్యంలా వాయించాననీ అన్నాడు.

తిట్టినవాళ్ళూ ఉన్నారు

అందరూ చప్పట్లు కొట్టలేదు. లండన్ ‘అబ్జర్వర్’ పత్రికలో ఏళ్ళ తరబడి రివ్యూలు రాసిన సి.ఎ. లెజూన్ సినిమా మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది, ఆ ఏడాది చివరికల్లా ఆ ఉద్యోగమే మానేసింది. ‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు బోస్లీ క్రౌథర్ మొదట పెద్దగా మెచ్చుకోలేదు, సంవత్సరం చివర్లో మాత్రం తన టాప్ టెన్ లిస్టులో చేర్చాడు. జనం ఎటూ ఆగలేదు. సుమారు 8 లక్షల డాలర్లతో, టీవీ సీరియల్ తీసే యూనిట్‌తో తీసిన సినిమా హిచ్‌కాక్ కెరీర్‌లోనే పెద్ద హిట్లలో ఒకటైంది. ఆస్కార్లకి నాలుగు నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ రాలేదు.

అదే 1960లో, ‘సైకో’ కంటే కొంచెం ముందు, ఇంగ్లండ్‌లో మైఖేల్ పావెల్ ‘పీపింగ్ టామ్’ అనే సినిమా తీశాడు. అందులో హంతకుడు తను చంపే ఆడవాళ్ళ భయాన్ని కెమెరాతో షూట్ చేస్తాడు. సినిమా చూడటం అనే పనినే ఆ సినిమా వేలెత్తి చూపింది. బ్రిటిష్ విమర్శకులు చీల్చి చెండాడారు. పావెల్ కెరీర్ అక్కడ దాదాపు ముగిసిపోయింది. ఏళ్ళ తర్వాత మార్టిన్ స్కోర్సెసే లాంటివాళ్ళు పట్టుబట్టి దాన్ని మళ్ళీ జనం ముందుకి తెచ్చారు. రెండు సినిమాలూ ప్రేక్షకుడితో ఒకటే అంటున్నాయి: నువ్వు కూడా ఇందులో ఉన్నావు. పావెల్ మొహం మీదే అన్నాడు. హిచ్‌కాక్ మన చేతనే అనిపించాడు, అదీ మనకి తెలియకుండా. నాకు తోచిన తేడా ఇది.

ఇంకో సాక్ష్యం 1998 నాటిది. గస్ వాన్ శాంట్ ‘సైకో’ని దాదాపు షాట్ టు షాట్ కలర్‌లో మళ్ళీ తీశాడు. అదే స్క్రిప్టు, అదే సంగీతం. జనం పట్టించుకోలేదు. కోడ్ అంతా కాపీ చేసినా, ఏమీ తెలియకుండా వచ్చి కూర్చునే 1960 ప్రేక్షకుడిని కాపీ చెయ్యలేం కదా.

మన నోట్లో ‘సైకో’

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ సినిమా చూడనివాళ్ళు కూడా తెలుగులో రోజూ వాడే మాట ‘సైకో’. ఆ మాట ఇంగ్లీషులో సినిమా కంటే ముందే ఉంది, కానీ దాన్ని ఊరూరా తిప్పింది మాత్రం సినిమాలే. మన పేపర్లలో ‘సైకో కిల్లర్’ అని హెడ్డింగులు. క్లాసులో ఎవడైనా కొంచెం ఒంటరిగా ఉంటే “వాడో సైకో రా”.

ఆ మాట వాడటంలో ఒక సుఖం ఉంది. వాడు వేరు, మనం వేరు అని గీత గీసేస్తుంది. సినిమా చేసింది దీనికి పూర్తిగా రివర్స్. ఆ గీత మనల్నే దాటించింది.

సినిమాలో కూడా లోపం లేకపోలేదు. చివర్లో ఒక సైకియాట్రిస్టు వచ్చి, నార్మన్‌లో రెండు వ్యక్తిత్వాలున్నాయని లెక్చర్ ఇస్తాడు. రెండు వ్యక్తిత్వాలంటే హంతకుడే అన్న ముద్ర తర్వాత ఎన్నో సినిమాల్లో పడిపోయింది. నిజానికి మానసిక సమస్యలున్నవాళ్ళలో చాలామంది ఎవరి జోలికీ వెళ్ళరు. హింస చెయ్యడం కంటే హింసకి గురయ్యే అవకాశమే వాళ్ళకి ఎక్కువ.

ఇది నేను సినిమా చూసి నేర్చుకోలేదు. ఇంటర్‌లో, వేరే ఊళ్ళో, నేనున్న హాస్టల్లో ఒకడు నిద్ర పట్టక డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాడు. మాత్రలు వేసుకుంటున్నాడని తెలిశాక వాడి పేరు ‘సైకో’ అయిపోయింది. సంవత్సరం మొత్తం అదే పేరు. పెట్టింది నేను కాదు, కానీ నేనూ పిలిచాను. వాడు కూడా నవ్వేవాడు కాబట్టి పర్వాలేదనుకున్నాను. సెకండ్ ఇయర్‌కి వాడు రాలేదు. ఎందుకు రాలేదో మాలో ఒక్కరం కూడా ఫోన్ చేసి అడగలేదు.

‘సైకో’ చివరి షాట్ గుర్తుందా? నార్మన్ నవ్వు మొహం కాదు, దాని తర్వాత వచ్చేది. బురదగుంటలోంచి కారుని గొలుసుతో బయటికి లాగుతుంటారు. మనం మునగాలని కోరుకున్న కారు అది. సినిమా మర్చిపోలేదు. ఆ షాట్ వచ్చినప్పుడు రూమ్‌లో అందరూ అప్పటికే లైట్ వేసి, టీకి వెళ్దామని లేచారు. నేను మాత్రం కూర్చునే ఉన్నాను.

మీరు చూడాలనుకుంటే ఒక్కటే మాట. షవర్ సీన్ కోసం చూడకండి, అది మీకు తెలుసు. మొదటి నిమిషం నుంచి కూర్చోండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి, మధ్యలో వచ్చినవాడిని రానివ్వకండి. కారు ఆగినప్పుడు మీ నోటి నుంచి ఏ మాట వస్తుందో వినండి.