సీసా మీది అంకె, సీసాలోని సరుకు

మొన్న మా ఎదురింటి వదినె ఒక గోలీల సీసా పట్టుకుని వచ్చింది. కోడలికి ఆరో నెల. “చూడు వదినా, డాక్టరమ్మ కాల్షియం అయిదు వందలు అని చెప్పింది. షాపాయన పన్నెండు వందల యాభైది ఇచ్చిండు. పిల్లకు ఏమన్నా అయితదా?” అని ఆమె కంగారు.

సీసా తిప్పి చూశాను. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని పైన ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాలతో, అందులో కాల్షియం 500 అని ఉంది. రెండూ నిజమే. కొబ్బరికాయ బరువు వేరు, లోపలి కొబ్బరి బరువు వేరు కదా! కాల్షియం కార్బొనేటులో నూటికి నలభై వంతులే కాల్షియం.

ఆమె నిశ్చింతగా వెళ్ళింది. నాకు మాత్రం ఇంకో సందేహం పట్టుకుంది. ఆ అయిదు వందలైనా లోపల ఉన్నాయో లేదో ఎవరు చూస్తారు?

పోషకాహార పరిశోధకులకు ఇది పెద్ద ప్రశ్న. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థ వారు 528 ఆహార పదార్థాలను పరీక్షించి 2017లో పట్టికలు ప్రచురించారు. సర్వేకు వచ్చినవారు “నిన్న ఏం తిన్నారమ్మా?” అని అడిగి, మన సోలెడు, గిద్దెడు లెక్కలను గ్రాముల్లోకి మార్చి, ఇలాంటి పట్టికలు చూసి ఇనుమెంత, విటమిన్లెన్ని అని లెక్క కడతారు. మరి ఆ ఇల్లాలు పొద్దున వేసుకున్న మాత్ర? జొన్నలూ తోటకూరా ఉన్న పట్టికలో అది దొరకదు. సీసా మీది అంకెనైనా నమ్మాలి, లేదా కొలిచి చూడాలి.

అంకెకూ సరుకుకూ తేడా ఎందుకొస్తుందంటారా? వేడికి, వెలుతురుకు, తేమకు విటమిన్లు తరుగుతాయి. గడువు తేదీ వరకు చెప్పినంత మిగలాలని తయారీదారులు మొదట్లోనే కాస్త ఎక్కువ వేస్తారు. అది మోసం కాదు, ముందుచూపు. ఇనుము, కాల్షియం అలా తరగవు గాని, పిండి సరిగా కలవకపోతే మాత్రకూ మాత్రకూ తేడా వస్తుంది. అమెరికాలో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు మల్టీవిటమిన్ మాత్రలను బజారులో కొని కొలిచి, 2009లో ఆ లెక్కలను బయటపెట్టారు. చాలా పోషకాలు చీటీ మీద ఉన్నదానికంటే ఎక్కువే తేలాయి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. ఇక్కడ అది చెల్లదు. వేర్వేరు తయారీల నుంచి ఎన్నో మాత్రలు తీసి మెత్తగా నూరుతారు. ఇనుము కొలవాలంటే ఆ పొడిని ఆమ్లంలో కరిగించి, మంటలోకి తుంపరగా చల్లి, దాని గుండా ప్రత్యేకమైన వెలుతురు పంపిస్తారు. ఇనుము ఎంత ఎక్కువుంటే అంత వెలుతురును పీల్చుకుంటుంది. విటమిన్లు మంటకు తాళవు. వాటిని మసక వెలుతురులో కరిగించి, సన్నని పొడి కూరిన గొట్టం గుండా పంపిస్తారు. ఒక్కో విటమిను ఒక్కో సమయానికి బయటికి వస్తుంది, అప్పుడు కొలుస్తారు. కాంటా సరిగా ఉందా అని ముద్ర రాయి పెట్టి చూసినట్టు, ముందే లెక్క తెలిసిన నమూనాను కూడా పక్కనే పరీక్షిస్తారు.

ఇంత శ్రమ ఎందుకు? గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉండాలి. ఒక పరిశోధనలో రక్తం పెరగలేదనుకోండి. మాత్రలో ఇనుమే తక్కువైందా, మాత్రతోపాటు తాగిన చాయ అడ్డుపడిందా? కొలవకుండా “ఇనుము పనిచేయదు” అని రాస్తే, ఆ తప్పు మాట తిరిగి తిరిగి మన ఆడపిల్లల దాకానే వస్తుంది.

కాబట్టి చిన్న అక్షరాలు చదవండి. సీసా మూత బిగించి, పొయ్యికీ కిటికీకీ దూరంగా పెట్టండి. ఇనుము మాత్రను కాల్షియంతో, చాయతో కలిపి వేసుకోకండి. బలమని రెండు మూడు రకాలు కలిపి మింగకండి. గర్భిణికి విటమిన్ ఎ మోతాదు మించితే కడుపులో బిడ్డకే ముప్పు. డాక్టరును అడగండి. ఎవరైనా సర్వేకు వస్తే కూరలతోపాటు మాత్రల సంగతీ చెప్పి, సీసా తెచ్చి చూపించండి.

ఎదురింటి వదినె సీసా పొయ్యిగట్టు దిగి అలమారలోకి చేరింది. మీ ఇంట్లో సీసా ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.