నిత్యారోగ్యమునకు సహజమైన అలవాట్లు

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి మొదలుకొని ఏప్రిలు వరకు మాక్లూర్, ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల రైతులు పసుపు కొమ్ములను నిజామాబాదు మార్కెట్టు యార్డునకు చేర్చుచుందురు. దేశములోని పెద్ద పసుపు మార్కెట్లలో ఇది యొకటి. 2025లో జాతీయ పసుపు బోర్డు కూడ ఈ పట్టణము కేంద్రముగనే ప్రారంభమైనది. ఇంత పసుపు పండించు గ్రామములలో సైతము వంటింటికి దుకాణమునుండి పొట్లపు పసుపు తెచ్చుకొను ఇండ్లు లేకపోలేదు. పంట అంతయు అమ్మకమునకు పోవును, వాడకమునకు కావలసినది రంగు కాగితములో చుట్టబడి తిరిగి వచ్చును. మన నిత్యజీవితములో అనేక మంచి అలవాట్లకు ఇదే గతి పట్టుచున్నది.

సహజమైనదంతయు మంచిదను మాట నేడు ఒక వ్యాపార నినాదమైనది. సీసాపై ఆకు బొమ్మ వేసినచో అందులోనిది సహజమైనదని కొనువారు నమ్ముచున్నారు. పల్లెవారికి బొమ్మతో పనిలేదు, ఆకే కలదు. కాని పల్లెలో దొరకునది నిజముగ కల్తీ లేనిదేనా, శుభ్రమైనదేనా అని చూచుకొనవలసిన అవసరము నేడు మునుపటికన్న హెచ్చుగ నున్నది. అలవాటు మనిషిది. అయితే ఆ అలవాటునకు కావలసిన మంచినీరు, శుభ్రమైన వీధి, కల్తీ లేని సరుకు ఒక్క మనిషి చేతిలో నున్నవి కావు. అందుచేతనే ఈ విషయమును పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

పసుపుతోనే ప్రారంభింతము. అందులోని కుర్కుమిన్ అను పదార్థమునకు వాపును, సూక్ష్మక్రిములను అణచు గుణము కలదని ప్రయోగశాలలలో తేలినది. అయితే అది కడుపులోనుండి రక్తములోనికి చాల తక్కువగ చేరును. మిరియాలతో కలిపి పుచ్చుకొన్నచో ఆ చేరిక ఎన్నో రెట్లు పెరుగునని 1998లో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించిరి. జలుబు చేసినప్పుడు మన పెద్దలు పాలలో పసుపుతోపాటు మిరియపు పొడి కూడ వేయుట ఈ సందర్భమున జ్ఞాపకము వచ్చుచున్నది. అంతమాత్రమున పసుపు సర్వరోగ నివారిణి కాదు. లోతైన గాయమునకు, కుక్కకాటునకు, మధుమేహమువలన కాలికి పడిన పుండునకు పసుపు అద్ది ఊరకుండుట ప్రమాదకరము. కుక్కకాటును వెంటనే పారుచున్న నీటి క్రింద సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, ఆలస్యము చేయక టీకాకై ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

పసుపులో కలియు కల్తీని గూర్చి కొంత వివరముగ చెప్పవలసియున్నది. కొమ్ములకు మెరుపు వచ్చుటకై కొన్ని చోట్ల లెడ్ క్రోమేటు అను పసుపుపచ్చని రసాయనమును పూయుట కలదు. ఇది సీసపు విషము. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు దీనివలన శాశ్వతమైన హాని కలుగును. పొరుగుదేశమైన బంగ్లాదేశములో ప్రజల రక్తమున కనబడిన సీసమునకు ఈ కల్తీ పసుపు ముఖ్య కారణమని 2019లో పరిశోధకులు నిర్ధారించిరి. పరీక్ష సులభమైనది. ఒక గాజు గ్లాసులో నీరు పోసి పసుపు కొమ్మును వేయవలెను. నీటిలో పడిన వెంటనే అది రంగు విడిచినచో అనుమానింపవలసినదే. పొడియైనచో ఒక చెంచా నీటిలో వేసి కదలింపక యుంచవలెను. మంచి పసుపు అడుగునకు దిగి, పైనీరు లేత రంగుగ నుండును. ముదురు రంగు అట్లే నిలిచియున్నచో కల్తీ యున్నదని తలచి ఆహార భద్రతాధికారికి తెలుపవచ్చును. ఇంటి వాడకమునకు నాలుగు కొమ్ములు ఉడికించి ఎండబెట్టి తీసియుంచుకొనుట రైతునకు కష్టమైన పని కాదు. మెరుపు లేకున్నను వంటకు లోటు రాదు.

పసుపు, సున్నిపిండి రాసికొని స్నానము చేయుట మన స్త్రీలు తరతరములుగ ఎరిగిన సౌందర్య సాధనము. పెసరపిండియో శనగపిండియో చర్మముపైని జిడ్డును, మట్టిని తీసివేయును. ఇది చర్మమును శుభ్రపరచును గాని రంగును మార్చదు. రంగు మార్చుదుమని చెప్పి అమ్మెడు క్రీములలో కొన్నింట పాదరసము కలియుచున్నది. 2023లో కేరళ రాష్ట్రము మలప్పురం జిల్లాలోని కోటక్కల్‌లో కొందరి మూత్రపిండములు చెడగా, వైద్యులు ఆరా తీసి అట్టి క్రీముల వాడకమును కనుగొనిరి. మన దేశపు సౌందర్య సాధనముల నిబంధనలు ముఖమునకు రాయు క్రీములలో పాదరసము కలుపుటను నిషేధించినవి. తయారుచేసినవారి చిరునామా, లైసెన్సు సంఖ్య లేని డబ్బాలను సంతలో కొనరాదని స్వయంసహాయక సంఘముల సమావేశములలో ఒక్కమాట చెప్పించినచో చాలును. పెండ్లికి ముందు నెల రోజులలో ఇట్టి క్రీములవైపు మనసు పోవు ఆడపిల్లలకు ఇది మరి ముఖ్యముగ తెలియవలెను. చామనచాయ రోగము కాదు, దానికి మందు వెదకనక్కరలేదు.

దంతముల విషయము క్లుప్తముగ ముగింతము. వేపపుల్లగాని కానుగపుల్లగాని నమిలి మెత్తని కుంచెవలె చేసి తోమినచో మేలే. బ్రష్షు, ఫ్లోరైడు పేస్టు దొరకినచో ఇంకను మేలు. ఇటుకపొడి, బొగ్గు, ఉప్పురాయి పంటిపై పొరను అరగదీయును. పొగాకు కలిసిన పండ్లపొడి మాత్రము ఇంటిలో నుండరాదు.

ఆహారమునకు వచ్చినచో మన జిల్లా చరిత్ర కొంత చెప్పవలసి వచ్చును. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఆనకట్టతో ఈ ప్రాంతమునకు కాలువ నీరు వచ్చినది, వరి విస్తరించినది, చెరకు పెరిగినది. బోధన్ వద్ద శక్కర్‌నగరులో 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసి, 2015 చివర మూతపడువరకు వేలాది కుటుంబములకు ఆధారమైనది. నీరు వచ్చుట మహోపకారము. కాని దానితోపాటే కంచములోనికి తెల్లని అన్నము నిండుగ వచ్చి, జొన్నరొట్టె ప్రక్కకు తొలగినది. నేడు ఆర్మూరు, అంకాపూరు వైపు ఎర్రజొన్న విస్తారముగ పండుచున్నను అది పశుగ్రాసపు విత్తనముగ ఉత్తర భారతమునకు పోవుచున్నది. మన పొలములో పండిన జొన్న మన పొయ్యిమీదికి రాకుండుట వింతయే.

దినమునకు ఒకపూటయైనను తెల్లజొన్నతోగాని పచ్చజొన్నతోగాని చేసిన రొట్టె తినుట మంచిది. అందులోని పీచు ఆకలిని నిలిపి, రక్తములో చక్కెర ఒక్కసారిగ పెరుగకుండ చూచును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దవారికి దినమునకు కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిసి అరకిలో ఉండవలెను. ఇది విని మన రైతు సోదరులు నవ్వవచ్చును. కాని పెరటిలో తోటకూర, గంగవాయిలకూర, మునగచెట్టు, ఒక బొప్పాయి యున్నచో అందులో అధిక భాగము ఖర్చు లేకయే దొరకును. స్నానపు నీరు ఆ మడికే పారించవచ్చును.

చెరకు ప్రాంతమగుటచే బెల్లమును గూర్చి ఒక అపోహను తొలగింపవలసియున్నది. బెల్లము సహజమైనది గనుక మధుమేహము గలవారు తినవచ్చునని పలువురు తలచుచున్నారు. అది నిజము కాదు. బెల్లములో కొద్దిపాటి ఖనిజములున్నను అధిక భాగము చక్కెరయే. ఆరోగ్యవంతులైనను చక్కెర, బెల్లము, తీపి పానీయములు అన్నియు కలిసి దినమునకు ఇరువదియైదు గ్రాములు, అనగా ఐదారు చెంచాలు, మించకుండుట మంచిది. నాలుగు కప్పుల తీపి టీతోనే ఆ లెక్క పూర్తియగును. మరియొక సంగతి. పచ్చగ మెరయు బెల్లమునకు ఆ రంగు హైడ్రోస్ అను రసాయనముతో వచ్చుట కలదు. నలుపు తిరిగిన బెల్లమే నమ్మదగినది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము దేశములో పదికోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని లెక్కించినది. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారు సంవత్సరమునకొకసారి ఉపకేంద్రములో రక్తపు చక్కెర, రక్తపోటు చూపించుకొనుటకు సభ్యులే ముందుగ చేయి చాపినచో ఊరివారు వెనుదీయరు.

ఇక నీరు. ఇది పూర్తిగ పంచాయతీ చేతిలోని పని. మిషన్ భగీరథ నీరు ఊరి ట్యాంకువరకు శుద్ధిచేయబడి వచ్చినను, ట్యాంకు కడుగక, పైపు పగుళ్లు పూడ్చక యున్నచో ఇంటి కుళాయివద్దకు వచ్చుసరికి అది మురుగు నీటితో కలియవచ్చును. చివరి ఇంటి కుళాయి నీటిలో లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. క్లోరోస్కోపు గొట్టములో నీరు పోసి మందుచుక్కలు వేసినచో నీరు పసుపు రంగునకు తిరుగును. తిరుగనిచో క్లోరిన్ లేదన్నమాట. ఈ పరీక్ష ట్యాంకు క్రింద కాక ఊరి చివరి వీధిలో జరుగవలెను. అక్కడి నీరు బాగున్నచో ఊరంతయు బాగున్నట్లే. తినుటకు ముందు, మరుగుదొడ్డికి పోయివచ్చిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొను అలవాటు ఒక్కటియే పిల్లల విరేచనములను సుమారు మూడవవంతు తగ్గించును. అయితే బడిలో కుళాయి పనిచేయనిచో పాఠము చెప్పి ప్రయోజనమేమి?

డెంగీ వ్యాపింపజేయు దోమ మురుగులోకన్న నిలువ నీటిలోనే గ్రుడ్లు పెట్టును. తొట్టి, కూలరు, పాత టైరు, కొబ్బరి చిప్ప దానికి చాలును. గ్రుడ్డు దోమయగుటకు సుమారు వారము నుండి పది దినములు పట్టును. వారమునకొకసారి పాత్రలన్నియు బోర్లించి ఆరబెట్టుటలోని రహస్యమిదియే. శుక్రవారము చేయించు డ్రై డే కార్యక్రమమును ఫోటోలకై గాక తొట్లకై చేయవలెను.

మన జిల్లాలో మరువరాని మరియొక వర్గము బీడీలు చుట్టు స్త్రీలు. వేయి బీడీల లెక్క పూర్తియగువరకు తల వంచి కూర్చుండుటచే మెడ, నడుము నొప్పులు వచ్చును. పొగాకు ధూళి శ్వాసలోనికి, చర్మముద్వారా రక్తములోనికి పోవును. వీరికి యోగాసనములు చెప్పుటకన్న ముందు చెప్పవలసినవి చిన్న సంగతులు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయుట, చాట ముందు కూర్చున్నప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట, పసిబిడ్డకు పాలిచ్చుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొని పైచీర మార్చుకొనుట, పొగాకు గంపను వంటగదిలో నుంచకుండుట. ఇరుకు ఇండ్లలో ఇది సాధ్యము కాదనుట నిజమే. అందుకు గాలి వెలుతురు గల ఒక రేకుల పందిరిని, వీలైనచో సంఘ భవనపు వసారాను, పంచాయతీ పగటివేళ వారికి విడిచి యిచ్చుట ఆలోచింపదగినది.

శరీరమునకెంత శ్రద్ధ కావలెనో మనస్సునకును అంతయే కావలెను. నిద్ర అందులో మొదటిది. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర, ఒకే వేళకు పడుకొనుట, ప్రక్కలో ఫోను లేకుండుట, ఉదయపు ఎండ కొంతసేపు మేనికి తగులుట చాల మేలు చేయును. కాని మన ప్రాంతమున నిద్రను చెడగొట్టుచున్న కారణము వేరొకటి కలదు. దానిని దాచుటవలన ప్రయోజనము లేదు.

ఈతచెట్టు, తాటిచెట్టు కల్లు చెట్టునుండి దిగినప్పుడు సహజమైనదే. అదియును పులిసినకొలది మత్తు పానీయమే. చెట్లు తక్కువై, తాగువారు ఎక్కువైన చోట ఆల్‌ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులను నీటిలో కలిపి కల్లుగ అమ్ముట జరుగుచున్నది. పగలంతయు నాట్లు వేసిన కూలి మనిషికి దానితో నిద్ర పట్టును. కొన్నాళ్లకు అది లేక నిద్ర పట్టదు. 2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరము కాగా, ఒక్కసారిగ మత్తు అందక నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనేకులు వణుకు, మూర్ఛ, పిచ్చిమాటలతో ఆసుపత్రుల పాలైరి. దీనినిబట్టి పంచాయతీ సభ్యులు గ్రహింపవలసినది రెండు విధములు. కల్తీ కల్లు దుకాణమును గూర్చి ఎక్సైజు శాఖకు తెలుపుట ఒకటి. దుకాణము మూసిన దినమే అలవాటుపడినవారిని ఆసుపత్రికి చేర్చు ఏర్పాటు చేయుట రెండవది. ఈ మత్తును ఒక్కనాటిలో మానుట ప్రాణాపాయము. వైద్యుని పర్యవేక్షణలో మెల్లగ తగ్గించుకొనవలెను. అట్టివానిని తాగుబోతని నిందించి ఇంటిలో కట్టి పడవేయుట మూర్ఛను పిలిచి తెచ్చుకొనుటయే.

గల్ఫు దేశములకు పోయిన భర్తల, కుమారుల కొరకు ఎదురుచూచు స్త్రీలు, వృద్ధులు మాక్లూర్ ప్రాంతపు పల్లెలలో తక్కువ కాదు. అప్పు, ఒంటరితనము, రాని ఫోను వారి నిద్రను హరించుచున్నవి. తలనొప్పి, గుండెదడ అని వారు మాటిమాటికి మందులు కొనుచుందురు. మనోవ్యథయని చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. బతుకమ్మ నాటి కూడిక సంవత్సరమునకు తొమ్మిది దినములే. భజన మందిరము ముందో, బడి ఆవరణలోనో వారమునకొక సాయంత్రము కూర్చుండుటకు ఒక దీపము, త్రాగునీరు ఏర్పరచినచో మాటలు వాటంతట అవే వచ్చును. మరింత బాధ గలవారికై 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను ఉచిత ఫోను సేవను నెలకొల్పినది. సంఖ్య 14416. రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడువారు లభింతురు. ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపైననే గాక రేషను దుకాణమువద్ద, బీడీ కార్ఖానా గుమ్మమువద్ద, ఫోను రీచార్జి దుకాణమువద్ద పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ఒక డబ్బా రంగు సరిపోవును.